మన ఊపిరియు బావిలోని గాలియు

కొన్ని సంవత్సరముల క్రిందట ఉద్యోగ ధర్మముగా నేనొక గ్రామమునకు పోయి, అచటి పంచాయతీ సభ్యులతో ఆరోగ్య విషయములను గూర్చి ముచ్చటించితిని. అంతకు పది దినములకు ముందే ఆ యూరిలో ఒక ఘోరము జరిగియుండెను. చాలకాలముగా వాడుకలో లేని ఒక పాత బావిలో పూడిక తీయుటకై ఒక యువకుడు దిగెను. అడుగు చేరిన కొద్ది క్షణములలోనే అతడు ఒరిగిపోయెను. పైనుండి చూచుచున్న అతని యన్న, తమ్ముడు జారిపడెననుకొని, త్రాడు పట్టుకొని వెంటనే దిగెను. అతడును అట్లే ఒరిగిపోయెను. మూడవవాడు దిగబోగా ఊరివారు బలవంతముగా పట్టి ఆపిరి. అగ్నిమాపక దళమువారు వచ్చి పైకి తీయునప్పటికి అన్నదమ్ములలో ఒక్కరును ప్రాణముతో లేరు.

సభ ముగిసిన పిమ్మట ఒక వృద్ధ సభ్యుడు నా దగ్గరకు వచ్చి ఇట్లడిగెను: "బాబూ, ఆ బావిలో పాము లేదు, విషం లేదు, నీళ్లు మోకాలి లోతైనా లేవు. చిన్నవాడికి మూర్ఛ వచ్చిందనుకుందాం. వెనక దిగిన పెద్దవాడికి కూడా మూర్ఛే వస్తుందా? మా వూళ్లో వాళ్లు బావికి దయ్యం పట్టిందంటున్నారు. చదువుకున్నవారు, మీరేమంటారు?"

"గాలి చెడిపోయినదండీ" అని నేను ఆనాడు ఒక్క మాటలో సమాధానము చెప్పితిని. "గాలి చెడిపోవడమేమిటి బాబూ, అదేమన్నా అన్నమా, కూరా?" అని ఆయన అనెను. ఆ ఒక్క మాట ఆయనకు చాలలేదు. ఆలోచింపగా నాకును చాలలేదు. ఆయన ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పవలెనన్న, మనము ఊపిరి పీల్చుట యనగా నేమో, పీల్చిన గాలి లోపల నేమగునో మొదటినుండి తెలిసికొనవలసియున్నది. ప్రతి గ్రామములోను ఏదో ఒకనాడు అట్టి బావి గట్టున నిలువబడి, ఎవరిని దిగనీయవలెనో, ఎవరిని దిగనీయరాదో నిర్ణయింపవలసినవారు పంచాయతీ సభ్యులే. కావున ఈ పాఠము ముఖ్యముగా వారికొరకే వ్రాయబడినది.

గాలిలో నేమున్నది?

మన చుట్టునున్న గాలి ఒకే పదార్థము కాదు. అది కొన్ని వాయువుల మిశ్రమము. 100 పాళ్ళ పొడిగాలిలో సుమారు 78 పాళ్ళు నత్రజని, 21 పాళ్ళు ప్రాణవాయువు గలవు. మిగిలిన ఒక పాలులో అధిక భాగము ఆర్గాన్ అను వాయువు. బొగ్గుపులుసు వాయువు మిక్కిలి స్వల్పము. 10,000 పాళ్ళలో 4 పాళ్ళు మాత్రమే.

ఈ గాలినే మనము లోనికి పీల్చి మరల వెలుపలికి విడిచినప్పుడు దాని లెక్క మారును. విడిచిన గాలిలో ప్రాణవాయువు 21 పాళ్ళ నుండి సుమారు 16 పాళ్ళకు తగ్గును. బొగ్గుపులుసు వాయువు దాదాపు 4 పాళ్ళకు పెరుగును, అనగా సుమారు నూరు రెట్లు హెచ్చును. నత్రజని వచ్చినది వచ్చినట్లే పోవును. ఈ ఇచ్చిపుచ్చుకొనుటనే వాయువుల వినిమయమందురు.

ప్రాణవాయువును 1774లో ఇంగ్లండు దేశీయుడైన జోసెఫ్ ప్రీస్ట్లీ వేరుచేసి, అందు దీపము మిక్కిలి కాంతితో వెలుగుననియు, మూసిన పాత్రలో ఎలుక మామూలు గాలిలో కంటె ఎక్కువసేపు బ్రతుకుననియు కనుగొనెను. ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్తలు లవోయిజియే, లాప్లాసు 1782-83 శీతకాలములో ఒక గినీపందిని మంచుగడ్డల నడుమనుంచి, దాని శరీరపు వేడికి ఎంత మంచు కరగినదో కొలిచిరి. అది విడిచిన బొగ్గుపులుసు వాయువును, బొగ్గు మండునప్పుడు పుట్టు వాయువును, వేడిమిని సరిపోల్చి చూచి, శ్వాసక్రియ కూడ ఒక విధమైన మంటయే అని నిర్ణయించిరి. పొయ్యిలో కట్టె మండునట్లే, మన శరీరములో మనము తినిన అన్నము ప్రాణవాయువుతో కలిసి, మంట కానరాకుండ, మెల్లగా దహింపబడుచున్నది. అందువలననే ఒంటిలో వేడిమి, కండలలో బలము. ఆ దహనమువలన పుట్టిన పొగవంటిదే బొగ్గుపులుసు వాయువు.

అయితే అన్నమునకును ఊపిరికిని ఒక గొప్ప భేదము గలదు. తినిన యాహారములో మిగులు భాగమును శరీరము కొవ్వుగా దాచుకొనును. పలు దినములు ఉపవాసమున్నను మనిషి జీవించును. నీటి నిలువతో కొన్ని దినములు గడుపగలడు. ప్రాణవాయువునకు మాత్రము గాదె లేదు. ఊపిరితిత్తులలోను, రక్తములోను, కండరములలోను కలిపి ఎప్పుడును ఉండునది లీటరున్నర మాత్రమే. ఊరక కూర్చున్నవానికే నిమిషమునకు పావు లీటరు ఖర్చగును. కష్టించి పనిచేయువానికి అంతకు పలురెట్లు. ఈ లెక్క చూచిన, మనము ఏ పూటకాపూట కాదు, ఏ నిమిషమునకానిమిషము గాలిని సంపాదించుకొని బ్రతుకువారమని తెలియును. ప్రాణవాయువు అందనిచో 4 నుండి 6 నిమిషములలో మెదడునకు కోలుకొనరాని హాని మొదలగును.

కొలిమి తిత్తియు, ఊపిరితిత్తియు

ముక్కు ద్వారా లోనికి పోవు గాలిలోని దుమ్మును అచటి వెంట్రుకలు, జిగురు పొర అడ్డగించును. అచటనే గాలికి వెచ్చదనము, తేమ కలుగును. తరువాత గాలి కంఠము, స్వరపేటికల మీదుగా శ్వాసనాళము చేరును. ఈ నాళము జానెడులో సగమునకు మించి పొడవుండదు. గాలి పోవుచుండగా అది మూసికొనిపోకుండ మృదువైన ఎముకవంటి అర్ధవలయములు దానిని నిలిపియుంచును. ఎదలో అది రెండుగా చీలి, కుడి ఊపిరితిత్తికి ఒకటి, ఎడమదానికి ఒకటి పోవును. ఆపై చెట్టుకొమ్మల వలె ఇరువదికి పైగా పర్యాయములు చీలి చీలి, తుదకు కన్నులకు కానరాని చిన్న చిన్న గాలి బుడగలతో అంతమగును. ఈ బుడగలే వాయుకోశములు. ఒక్కొక్క మనిషికి ఇవి సుమారు 30 కోట్ల నుండి 50 కోట్ల వరకు ఉండును. వీటి గోడలన్నియు విప్పి పరచినచో సుమారు 70 చదరపు మీటర్లగును. అనగా 80 చదరపు గజములకు మించిన ఇంటిస్థలమంత యన్నమాట. ఇంత విశాలమైన స్థలమును ప్రకృతి మన గుండెకు ఇరుప్రక్కల మడిచి అమర్చినది.

ఊపిరితిత్తికి తనంతట తాను కదలు శక్తి లేదు. కమ్మరి కొలిమి వద్దనుండు తిత్తిని అందరును చూచియుందురు. దానిలోనికి గాలిని ఎవరును పోయరు. తిత్తిని విప్పగా గాలి తానై చొచ్చుకొనివచ్చును, అణచగా వెలుపలికి పోవును. మన పెద్దలు ఈ అవయవమునకు ఊపిరితిత్తి యని పేరిడుట ఎంతయు తగియున్నది. ఎదకును కడుపునకును నడుమ గొడుగువలె పైకి వంగియున్న ఒక కండరపు పొర గలదు; దానిని విభాజక పటలమందురు. అది క్రిందికి దిగి, ప్రక్కటెముకలు పైకి లేచినప్పుడు ఎదలోని చోటు పెరిగి, గాలి లోనికి వచ్చును. ఇది ఉచ్ఛ్వాసము. పటలము మరల పైకి పోయి ఎముకలు దిగినప్పుడు గాలి వెలువడును. ఇది నిశ్వాసము.

పెద్దవారు విశ్రాంతిగా నున్నప్పుడు నిమిషమునకు 12 నుండి 20 మార్లు ఊపిరి పీల్చుదురు. ఒక్కొక్క మారు లోనికి పోవునది సుమారు అరలీటరు గాలి. ఈ లెక్కన దినమునకు పదివేల లీటర్లకు పైగా గాలి మన ఎదలోనికి పోయివచ్చుచున్నది.

పై మడి, దిగువ మడి

ఇక అసలు విషయమునకు వత్తము. వాయుకోశము గోడకు ఒక ప్రక్క గాలి, రెండవ ప్రక్క వెంట్రుకకంటె సన్నని రక్తనాళికలలో రక్తము. నడుమనున్న పొర మందము, ఒక మిల్లీమీటరును వేయి భాగములు చేసినచో అందు ఒక భాగమునకంటెను తక్కువ. ఆ పొరలో తలుపు లేదు, కావలి లేదు, పంపు లేదు. మరి ప్రాణవాయువు గాలినుండి రక్తములోనికి ఎట్లు పోవును?

దీనికి సమాధానము రైతులకు సుపరిచితము. పై మడిలో నీరు నిండుగా, దిగువ మడిలో తక్కువగా నున్నప్పుడు, గట్టున మడవ తీసిన నీరు ఎటు పోవును? పైనుండి దిగువకు. ఎవరును తోడనక్కరలేదు. మట్టములు సమానమగువరకు పారి నిలిచిపోవును. వాయువుల ధర్మమును అట్టిదే. ఏ వాయువైనను తాను అధికముగా నున్న చోటునుండి తక్కువగా నున్న చోటునకు పారును.

శాస్త్రజ్ఞులు ఈ మట్టములను పాదరసపు మిల్లీమీటర్లలో కొలుతురు. వాయుకోశములోని గాలిలో ప్రాణవాయువు మట్టము సుమారు 100. శరీరమంతయు తిరిగి అలసి వచ్చిన రక్తములో 40. కావున ప్రాణవాయువు రక్తములోనికి పారును. బొగ్గుపులుసు వాయువు మట్టము ఆ రక్తములో 46, గాలిలో 40. కావున అది రక్తమునుండి గాలిలోనికి పారును. రక్తము ఒక వాయుకోశము ప్రక్కనుండి సాగిపోవుటకు పట్టు కాలము క్షణములో ముప్పాతిక పాలు మాత్రమే. ఆరోగ్యవంతునికి అందులో మూడవ వంతు కాలములోనే ఈ వినిమయము ముగియును.

రక్తములో చేరిన ప్రాణవాయువును మోయు బండ్లు ఎర్రకణములు. వాటిలో హిమోగ్లోబిన్ అను ఇనుము గల పదార్థము గలదు. ఒక్కొక్క హిమోగ్లోబిన్ అణువు నాలుగు ప్రాణవాయు అణువులను పట్టుకొనును. రక్తములోని ప్రాణవాయువులో నూటికి 98 పాళ్ళు ఈ బండ్లమీదనే సాగును. రక్తహీనత గలవారికి ఊపిరితిత్తులు బాగుగనే యున్నను, బండ్లు తక్కువగుటచేత సరకు అందక, నాలుగు బిందెలు మోసిన ఆయాసము కలుగును. గర్భిణులకు, కిశోర బాలికలకు ఇనుము మాత్రలు పంచుటలోని అంతరార్థమిదియే.

బండ్లు గుండె ఎడమ భాగము చేరి, అచటినుండి ధమనుల ద్వారా శరీరమంతటికి పోవును. కండలలో, మెదడులో ప్రాణవాయువు ఖర్చగుచుండుటచేత అచట మట్టము తక్కువ. కావున బండ్లు సరకును అచట దింపును. అచట పుట్టిన బొగ్గుపులుసు వాయువు రక్తములోనికి వచ్చును. అందు నూటికి సుమారు 70 పాళ్ళు రక్తములో బైకార్బొనేటు అను లవణరూపము దాల్చి, ఊపిరితిత్తులు చేరిన పిమ్మట మరల వాయువై వెలువడును.

మడవ రెండు దిక్కుల పారును

ఇంతవరకు చదివినవారు ఒక ప్రశ్న వేసికొనవలెను. పై మడిలోనే నీరు లేనిచో నేమగును? అప్పుడు దిగువ మడి నీరు వెనుకకు పారును. మడవకు పక్షపాతము లేదు.

ఊపిరితిత్తిలోను సరిగా నట్లే జరుగును. ప్రాణవాయువు మిక్కిలి తక్కువగా నున్న గాలిని పీల్చినప్పుడు, వాయుకోశములోని మట్టము రక్తములోని మట్టముకంటె తగ్గిపోవును. అప్పుడు రక్తములో మిగిలియున్న ప్రాణవాయువే గాలిలోనికి తిరిగివచ్చి, నిశ్వాసముతో వెలుపలికి పోవును. పీల్చిన ప్రతి ఊపిరియు ప్రాణము పోయుటకు మారుగా ప్రాణము తోడివేయును.

చెరువులో మునిగిన ఈతగాడు ఊపిరి బిగబట్టి ఒకటి రెండు నిమిషములు స్పృహతో నుండుట మనము చూచుచున్నాము. అతడు లోపలి నిలువను వాడుకొనుచున్నాడు, పోగొట్టుకొనుట లేదు. ప్రాణవాయువు లేని గాలిలో దిగినవాడు ఊపిరి బిగబట్టడు. అలవాటు చొప్పున పీల్చును. కొన్ని ఊపిరులలోనే, ఇరువది క్షణములైనను గడువకముందే, స్పృహ తప్పును. బావిలో దిగిన తమ్ముడు కేక వేయకుండ ఒరిగిపోవుటకు కారణమిదియే. తమ్ముడు పీల్చిన గాలినే అన్నయు పీల్చెను. కావున అన్నకును అదే జరిగినది.

కావలివాడు నిద్రించు వేళ

"గాలి బాగులేకున్న ఉక్కిరిబిక్కిరి కాదా? అప్పుడు పైకి రావచ్చును గదా?" అని కొందరు అడుగుదురు. ఇది మిక్కిలి ప్రమాదకరమైన భ్రమ.

ఊపిరిని నడపు కేంద్రము మెదడు అడుగు భాగమున గలదు. అది ముఖ్యముగా కనిపెట్టియుండునది ప్రాణవాయువును కాదు, బొగ్గుపులుసు వాయువును. 1905లో ఇంగ్లండులో జాన్ స్కాట్ హాల్డేన్, జాన్ గిల్లీస్ ప్రీస్ట్లీ అను శాస్త్రజ్ఞులు ఈ సంగతిని ప్రయోగములతో నిరూపించిరి. ఊపిరి బిగబట్టినప్పుడు కలుగు ఆ వేదన రక్తములో బొగ్గుపులుసు వాయువు పెరిగినందుచేతనే. ప్రాణవాయువు తగ్గుటను కనిపెట్టు చిన్న గ్రంథులు మెడలోని ధమనుల చెంత నున్నవి గాని, మట్టము చాల పడిపోవువరకు అవి గట్టిగా హెచ్చరింపవు. చుట్టునున్న గాలిలో ప్రాణవాయువు మాత్రమే కొరవడి, బొగ్గుపులుసు వాయువు పెరుగనప్పుడు, మనిషికి ఆయాసమే తోచదు. కొందరికి తేలికగా, ఉల్లాసముగా గూడ ఉండును. వెంటనే మోకాళ్ళు సడలును.

2020, 2021 సంవత్సరములలో కోవిడు వ్యాధి వ్యాపించినప్పుడు మన గ్రామములలో ఈ సత్యము కండ్లకు కట్టినది. వ్రేలికి తగిలించు చిన్న యంత్రము ఆరోగ్యవంతునికి 95 నుండి 100 వరకు చూపవలెను. కొందరు రోగులకు అది ప్రమాదకరముగా తగ్గిపోయినను, వారు నిబ్బరముగా కూర్చుండి మాటలాడుచుండిరి. శరీరము చెప్పనిదానిని యంత్రము చెప్పినది. బావి విషయములోను నమ్మదగినది పరీక్ష మాత్రమే, మన తోపిక కాదు.

గాలి ఎచట, ఎట్లు చెడును?

పాత బావులలో రాలిన ఆకులు, చెత్త కుళ్ళుచుండును. కుళ్ళించు సూక్ష్మజీవులును మనవలెనే ప్రాణవాయువును వాడుకొని బొగ్గుపులుసు వాయువును విడుచును. ఈ వాయువు గాలికంటె సుమారు ఒకటిన్నర రెట్లు బరువైనది. గాలి వీచని లోతులో అది నీటివలె అడుగున నిలిచియుండును. దీని బరువు ఎంతటి చేటు తేగలదో 1986 ఆగస్టు 21 రాత్రి ఆఫ్రికాలోని కామెరూన్ దేశములో లోకమెరిగినది. న్యోస్ అను సరస్సు అడుగున పేరుకొనియున్న బొగ్గుపులుసు వాయువు ఒక్కసారిగా పైకెగసి, లోయలవెంట పల్లెలలోనికి పారినది. సుమారు 1,700 మంది, వేలకొలది పశువులు ఊపిరాడక మరణించినవి.

ధాన్యపు పాతరలలోను ఇట్టి ప్రమాదమే. గింజలు ప్రాణముగలవి, అవియును ఊపిరి పీల్చును. మూసిన పాతరలో అవి ప్రాణవాయువును ఖర్చు చేసివేయును. పాతర తెరచి చాలసేపు ఆరనిచ్చిన తరువాత గాని దిగరాదని మన పెద్దలు పెట్టిన నియమము శాస్త్రసమ్మతమైనది.

బావి లోపలి గట్టున చమురు ఇంజను పెట్టి నడపినచోట కార్బన్ మోనాక్సైడు అను వాయువు చేరును. దీనికి రంగు లేదు, వాసన లేదు. ఇది హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. అనగా బండ్లన్నిటిని ముందుగానే నింపివేసి, ప్రాణవాయువునకు చోటు లేకుండ చేయును. తలుపులు మూసిన బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టుటవలనను ఈ వాయువే పుట్టును. వెచ్చదనము కోరి చేసిన పని తల్లీబిడ్డల ప్రాణములకు ముప్పు తేగలదు. గదిలో కుంపటి వలదని ఇంటింట చెప్పవలెను.

అన్నిటికంటె భయంకరమైనది సెప్టిక్ ట్యాంకు. 2014 తరువాత గ్రామములలో మరుగుదొడ్లు విస్తారముగా కట్టబడినవి. ఇది మేలైన మార్పు. కాని దానితోపాటు మూసిన ట్యాంకులును పెరిగినవి. మలము కుళ్ళుటచే అందు మీథేను, హైడ్రోజన్ సల్ఫైడు పుట్టును. మీథేను నిప్పు తగిలిన మండును. హైడ్రోజన్ సల్ఫైడు, ప్రాణవాయువు కణములకు చేరినను వానిని వాడుకొననీయదు. స్వల్పముగా నున్నప్పుడు కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన వేయును. అధికమైనచో ముక్కు నరమునే మొద్దుబార్చును. "వాసన పోయినది, ఇక దిగవచ్చును" అనుకొన్న క్షణమే ప్రాణాంతకమైన క్షణము కావచ్చును. మూసిన తొట్లలో నిలిచిన వ్యర్థజలములన్నిటికిని ఈ గుణము గలదు. 2017 మార్చిలో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు మండలములో ఒక రొయ్యల శుద్ధి కర్మాగారపు తొట్టిలో దిగి ఐదుగురు పనివారు మరణించిరి.

పంచాయతీ చేయవలసిన పనులు

చట్టము ఈ విషయములో స్పష్టముగా నున్నది. మానవ పారిశుధ్య పనివారల నియామక నిషేధ, పునరావాస చట్టము, 2013 ప్రకారము, రక్షణ సామగ్రియు, జాగ్రత్తలును లేకుండ సెప్టిక్ ట్యాంకును గాని, మురుగు కాలువను గాని శుభ్రపరచుటకు ఎవరును ఎవరిని దింపరాదు. స్థానిక సంస్థకును ఇది వర్తించును. పారిశుధ్య బాధ్యత గల గ్రామ పంచాయతీయు స్థానిక సంస్థయే. మొదటి తప్పునకు రెండేండ్ల వరకు కారాగారము గాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఇట్టి పనిలో మరణించినవారి కుటుంబములకు పది లక్షల రూపాయలు చెల్లింపవలెనని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2023 అక్టోబరు 20న ఆ మొత్తమును ముప్పది లక్షలకు పెంచినది. అయినను ఏ పైకమును పోయిన ఊపిరిని తిరిగి తేజాలదు. కావున ఈ క్రింది నియమములను గ్రామసభలో చదివి వినిపించి, తీర్మానముగా వ్రాసికొనుట మేలు.

1. గ్రామములోని పాడు బావులను, మూసిన గుంటలను, సెప్టిక్ ట్యాంకులను లెక్కవేసి పుస్తకములో ఎక్కింపవలెను. పనికిరాని బావులను పూడ్పవలెను, లేదా గట్టి మూత వేయవలెను.

2. సెప్టిక్ ట్యాంకును యంత్రముతోనే తోడింపవలెను. "కొంచెమే మిగిలినది" అని మనిషిని దింపరాదు.

3. బావిలో పని తప్పనిసరియైనచో, ముందుగా గాలిని కొలుచు యంత్రముతో అడుగువరకు పరీక్షింపవలెను. ప్రాణవాయువు 19.5 పాళ్ళకు తక్కువగా నున్నచో దిగరాదు. పది పాళ్ళకు తగ్గిన స్పృహ తప్పును. ఆరు పాళ్ళకు తగ్గిన కొలది నిమిషములలో ప్రాణము పోవును.

4. దీపపు పరీక్షను సరిగా అర్థము చేసికొనవలెను. లాంతరు దింపగా ఆరిపోయినచో అచట మనిషి దిగరాదు, ఇది నిశ్చయము. ఆరిపోలేదు గదా యని దిగుట మాత్రము తప్పు. కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ సల్ఫైడు ప్రాణము తీయునంత యున్నను దీపము వెలుగుచునే యుండును. సెప్టిక్ ట్యాంకులోనికి దీపమును ఎన్నడును దింపరాదు, మీథేను ప్రేలవచ్చును.

5. పైనుండి గొట్టము ద్వారా మంచి గాలిని అడుగువరకు పంపుచుండవలెను. ఆకుల కొమ్మను త్రాటికి కట్టి పలుమార్లు దింపి లాగుట, నీరు చల్లుట కొంత మేలు చేయును గాని, అవి పరీక్షకు బదులు కావు. బావిలో ఇంజను నడపరాదు.

6. దిగువాని ఎదకు, భుజములకు పట్టీలు బిగించి, బలమైన త్రాడు కట్టి, దాని కొన గట్టుమీద ఇద్దరు ముగ్గురి చేతిలో ఉండవలెను. పిలుపునకు బదులు రానిచో వెంటనే పైకి లాగవలెను. ఎవరును వెంట దిగరాదు.

ప్రమాదము జరిగినప్పుడు

మొదటి కర్తవ్యము దిగకుండుట. తన వాడు కండ్లముందు పడిపోయినప్పుడు ఈ మాట వినుట కష్టము. అయినను రెండవవాడు దిగినచో రెండవ శవము వచ్చుననుట అనుభవము చెప్పుచున్న సత్యము. గట్టుమీద పెద్దమనిషిగా నిలిచి ఆపవలసిన బాధ్యత పంచాయతీ సభ్యునిది. అగ్నిమాపక దళమునకు 101, వైద్య సహాయమునకు 108 నంబరునకు వెంటనే ఫోను చేయవలెను. లోనికి గాలి పంపుచునే యుండవలెను.

పైకి తీసిన వెంటనే మనిషిని గాలి తగులు చోట వెల్లకిల పరుండబెట్టవలెను. ఊపిరి లేనిచో ఎద నడుమ అరచేయి యుంచి, దానిపై రెండవ చేయి వేసి, 5 నుండి 6 సెంటీమీటర్లు లోనికి దిగునట్లు, నిమిషమునకు 100 నుండి 120 మార్లు అదుమవలెను. శిక్షణ పొందినవారు ముప్పది అదుములకొకసారి నోటితో రెండు ఊపిరులు ఊదుదురు. మనము విడిచిన గాలి మరియొకని నెట్లు బ్రతికించును? అందు ఇంకను 16 పాళ్ళ ప్రాణవాయువు గలదు గదా. ప్రాణము నిలుపుటకు అది చాలును. సెప్టిక్ ట్యాంకు నుండి తీసినవాని విషయములో మాత్రము నోటితో ఊదరాదు; అతని ఊపిరిలోని విషవాయువు ఊదువానికి సోకవచ్చును. అట్టివానికి ఎదను అదుముటయే చాలును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని పిలిపించి, గ్రామములోని యువకులకు ఈ విద్యను ఒక పూట నేర్పింపవచ్చును.

నన్ను ప్రశ్నించిన ఆ వృద్ధ సభ్యునికి నేను ఈయవలసిన సమాధానమిది. ఆ బావిలో దయ్యము లేదు. ఎవరును విషము కలుపలేదు. పై మడిలో నీరు లేదు, మడవ వెనుకకు పారినది, అంతే. బావికి మూత వేయవలెనన్న ఊరివారి యాలోచన మంచిదే. ఆ మూత దయ్యమును బంధించుటకు గాక, మరియొక తల్లి కొడుకు అందు దిగకుండుటకై వేయవలెను. అది వేయించు అధికారము, బాధ్యత రెండును పంచాయతీవే.